ఎయిత్ క్లాస్ లో ఎవరితోనూ కలవని పిల్లలకి ఒక్కరు దొరికితే చాలు

లంచ్ బెల్ కొట్టాక మొదటి రెండు నిమిషాలు క్లాస్ రూమ్ లో నిలబడి చూస్తే చాలు, ఎవరి పరిస్థితి ఏంటో తెలిసిపోతుంది. నలభై మంది ఉన్న ఎయిత్ క్లాస్ లో బెంచీలు అటూ ఇటూ జరిగిపోతాయి, ఐదారు గుంపులు అయిపోతాయి, ఎవరి బాక్స్ ఎవరి పక్కన తెరవాలో ఒకరు చెప్పకుండానే తేలిపోతుంది. ఆ రెండు నిమిషాలూ ఒక పిల్ల మాత్రం బ్యాగ్ లో ఏదో వెతుకుతూ ఉంటుంది. పోయిందేమీ లేదు, ఊరికే వంగి జిప్ తీస్తుంది వేస్తుంది మళ్లీ తీస్తుంది, గుంపులన్నీ సర్దుకున్నాక గబగబా నాలుగు ముద్దలు తినేసి బాక్స్ కడగడానికి కుళాయి దగ్గరికి పోతుంది, కడిగిన బాక్సే మళ్లీ కడుగుతుంది, బాటిల్ లో సగం నీళ్లున్నా పారబోసి మళ్లీ నింపుతుంది. లంచ్ నలభై నిమిషాలు, తినడానికి పది నిమిషాలు పడుతుంది, మిగతా ముప్పై నిమిషాలు ఎక్కడ నిలబడాలి అన్నదే ఆ పిల్లకి రోజంతటిలోకీ పెద్ద సమస్య. పొద్దున బస్సెక్కినప్పటి నుంచి దాని గురించే ఆలోచన.

ఇంట్లో అడిగితే "బానే ఉంది" అంటుంది. పేరెంట్స్ మీటింగ్ లో టీచర్ "మీ పాప చాలా సైలెంట్ అండీ, ఎవరితోనూ కలవదు" అని చెప్పాకే అమ్మానాన్నలకి సంగతి తెలుస్తుంది, ఇక ఆ సాయంత్రం నుంచి సలహాలు మొదలు. నలుగురితో కలవాలమ్మా, నువ్వే వెళ్లి మాట్లాడాలి, అలా మూతి ముడుచుకుని కూర్చుంటే ఎవరొస్తారు, మీ బావని చూడు ఎంత చలాకీగా ఉంటాడో. ప్రేమతో చెప్పే మాటలే ఇవి, కాదనడానికి లేదు. కానీ ఈ సలహా అసలు పిల్లకి పనికిరాదు, ఎందుకంటే ఆ "నలుగురు" అనే మాట దగ్గరే ఆ పిల్ల ఓడిపోతోంది. ఆల్రెడీ తయారైపోయిన గుంపు, వాళ్లలో వాళ్లకి లోపలి జోకులు, వాళ్లకే తెలిసిన ముద్దుపేర్లు, అందులోకి ఒక్కతే నడిచి వెళ్లి కూర్చో అంటే పెద్దవాళ్లకే కష్టం, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని పెళ్లికి వెళ్లినప్పుడు మనం ఫోన్ చూసుకుంటూ ఎలా నిలబడతామో గుర్తు తెచ్చుకుంటే అర్థమవుతుంది.

అసలు పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మధ్యే ఇది ఇంత ఎక్కువ ఎందుకు అంటే, ముందు ఒంటి సంగతి చూడాలి. ఆడపిల్లల్లో యవ్వన మార్పులు ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు ఎప్పుడైనా మొదలవ్వచ్చు, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగు లోపు, ఇదంతా నార్మలే అని డాక్టర్లు చెప్తారు. అంటే ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పదమూడేళ్ల పిల్లల్లో ఒకరికి మీసం వచ్చి ఉండొచ్చు, ఒకరికి గొంతు సగంలో చీలుతూ ఉండొచ్చు, ఇంకొకడు ఫిఫ్త్ క్లాస్ వాడిలా కనిపించొచ్చు, ముగ్గురూ మామూలుగానే ఉన్నట్టు. కానీ ఆ మూడోవాడికి ఎవరూ ఆ మాట చెప్పరు. పీటీ పీరియడ్ లో టీమ్ లు ఎంచుకునేటప్పుడు వాడే ఆఖరు, తనలో ఏదో లోపం ఉందనే అనుకుంటాడు. అలాగే అందరికంటే ముందు ఎదిగిన అమ్మాయి భుజాలు వంచుకుని నడవడం అలవాటు చేసుకుంటుంది.

దీనికి తోడు అందరూ తననే చూస్తున్నారు అనే ఫీలింగ్ ఒకటి. డేవిడ్ ఎల్‌కైండ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1967లోనే దీని గురించి రాశాడు, ఈ వయసు పిల్లలు కంటికి కనపడని ప్రేక్షకుల ముందు బతుకుతున్నట్టు ఉంటారని. జుట్టు సరిగ్గా లేకపోతే స్కూలంతా చూసేసిందనే వాళ్ల నమ్మకం. పెద్దయ్యాక కూడా ఇది పూర్తిగా పోదు. 2000లో కార్నెల్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగం ఒకటుంది, అక్కడి స్టూడెంట్స్ కి వేసుకోవాలంటే సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి, మిగతావాళ్లు కూర్చున్న గదిలోకి పంపించారు. బయటికొచ్చాక ఎంతమంది గమనించుంటారు అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు, నిజానికి గమనించింది పావు వంతు కూడా సరిగ్గా లేరు. పిల్లలకి ఈ ఒక్క ప్రయోగం కథలా చెప్పినా కొంత ఊరట, "నిన్నెవరూ చూడట్లేదులే" అని విసుక్కోవడం కంటే చాలా నయం.

అయితే అంతా పిల్లల ఊహే అని కొట్టిపారేయడం కూడా తప్పే. నిజంగా వేరుగా ఉండే పరిస్థితులు మన దగ్గర బోలెడు. సెవెంత్ దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, ఎయిత్ కి టౌన్ లో ఇంగ్లీష్ మీడియం హాస్టల్ లో వేస్తారు, నిన్నటిదాకా క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్లోడు ఇప్పుడు "మే ఐ గో టు వాష్ రూమ్" అని అడగడానికి మనసులో నాలుగుసార్లు అనుకుని, ఆఖరికి అడగకుండా బిగపట్టుకుని కూర్చుంటాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాడు "ఏటి" అంటే నవ్వుతారు, రాయలసీమ వాడు "యాడికి" అంటే నవ్వుతారు, తెలంగాణ పిల్లోడు "గిట్ల" అంటే వేరేచోట నవ్వుతారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే బయట ఎగతాళి అయిపోతే ఆ వయసులో పిల్లలు చేసే మొదటి పని నోరు మూసుకోవడం, వాళ్లని మనం సైలెంట్ అంటాం. డాలస్ లోనో న్యూజెర్సీలోనో పుట్టిన మన పిల్లలకి ఇంకో రకం బాధ, అక్కడ స్కూల్లో ఇండియన్ అంటారు, వేసవికి అమ్మమ్మ ఊరొస్తే అమెరికా పిల్ల అంటారు, రెండుచోట్లా గెస్టే.

ఇంకా కొంతమంది ఉంటారు, అభిరుచి వేరు. క్లాసంతా క్రికెట్, రీల్స్, హీరో ఫ్యాన్ వార్స్ లో ఉంటే వీడికి పురుగుల మీదో పాత నాణేల మీదో రైలు ఇంజన్ల మీదో పిచ్చి. వాడిలో మార్చాల్సింది ఏమీ లేదు, ఆ పిచ్చి ఉన్న ఇంకొకడు ఆ క్లాస్ లో లేడు, అంతే.

గుంపులోంచి వదిలేస్తే కలిగే నొప్పి ఎంత నిజమో తెలుసుకోవాలంటే కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్ట్ సంగతి చెప్పుకోవాలి. ఆయన ఒకసారి పార్కులో కూర్చుని ఉంటే పక్కన ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ వచ్చి ఆయన దగ్గర పడింది, తిరిగి విసిరాడు, వాళ్లు మళ్లీ ఈయన వైపు విసిరారు, అలా కాసేపు ముగ్గురూ ఆడారు, ఉన్నట్టుండి వాళ్లిద్దరూ ఈయనకి వేయడం మానేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లే, అయినా ఆయనకి మనసు చివుక్కుమంది. దాని నుంచే తర్వాత కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఒక చిన్న ఆట తయారుచేశారు, ముగ్గురు ఆడుతున్నట్టు కనిపిస్తుంది, కాసేపయ్యాక మిగతా ఇద్దరూ మనకి బంతి వేయరు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ లో, ఇలా వదిలేయబడ్డవాళ్ల మెదడు స్కాన్ తీస్తే ఒంటికి దెబ్బ తగిలినప్పుడు పనిచేసే భాగాల్లో ఒకటి ఇక్కడ కూడా చురుగ్గా కనిపించింది అన్నారు. ఆ భాగం అసలు దేని కోసం పనిచేస్తుందనే దాని మీద తర్వాత వాదనలు నడిచాయి గానీ, వదిలేస్తే బాధగా ఉంటుందన్న సంగతి మాత్రం మళ్లీ మళ్లీ తేలింది. ఆడేది మనుషులు కాదు కంప్యూటరే అని ముందే చెప్పినా కూడా బాధపడ్డారట. మరి తను లేని క్లాస్ వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉందని తెలిసిన పిల్లకి, పక్క బెంచీ అమ్మాయి బర్త్‌డే ఫోటోలు స్టేటస్ లో చూసిన పిల్లకి ఎలా ఉంటుంది. "అంత చిన్నదానికి ఏడుస్తారా" అనడం మానుకోవాలి.

ఇక అసలు విషయం. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే ఆయన అమెరికాలో గీతల ప్రయోగం చేశాడు. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు, మూడింట్లో ఏది మొదటిదాని పొడవుకి సమానమో చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేదే. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడే నిజమైన స్టూడెంట్, మిగతావాళ్లంతా ఆష్ మనుషులు, వాళ్లు కావాలని అందరూ ఒకే తప్పు జవాబు చెప్తారు. అలా చెప్పిన సందర్భాల్లో దాదాపు మూడింట ఒక వంతు సార్లు ఆ ఒక్కడు కూడా కళ్లముందున్నది వదిలేసి గుంపు చెప్పిందే చెప్పాడు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియాల్సింది దాని తర్వాతది, ఆ గదిలో ఒక్కరంటే ఒక్కరు సరైన జవాబు చెప్పేవాళ్లని కూర్చోబెడితే ఆ తప్పులు నూటికి ఐదారుకి పడిపోయాయి. ఒక్కరే. గుంపు అంతా మారక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది, ఆ తోడు మనిషి వీడితో ఏకీభవించకుండా ఇంకేదో వేరే తప్పు జవాబు చెప్పినా కూడా, గుంపుని కాదన్నాడు కాబట్టి, వీడికి ధైర్యం వచ్చింది. అంటే తోడు మనలాగే ఉండాలని కూడా లేదు.

ఆ ప్రయోగం పెద్ద స్టూడెంట్స్ మీద, గీతల గురించి, ఎయిత్ క్లాస్ లంచ్ గురించి కాదు, నిజమే. కానీ లంచ్ లో జరిగేదీ అదే. ఒక్కతే నిలబడితే కుళాయి దగ్గర నిలబడటానికి కారణం వెతుక్కోవాలి, ఇద్దరు నిలబడితే ఊరికే మాట్లాడుకుంటున్నట్టు. యాస మీద ఎవరైనా నవ్వితే ఒక్కడికి అవమానం, పక్కన ఇంకొకడుంటే ఇద్దరూ కలిసి వాడిని తిట్టుకుంటారు, అక్కడితో అయిపోతుంది. కాబట్టి పిల్లలకి పెట్టాల్సిన టార్గెట్ నలుగురు కాదు, ఒక్కరు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ పిల్ల మీద ఉన్న బరువు సగం దింపేస్తుంది.

నవోదయ స్కూళ్లలో ఒక పద్ధతి ఉంది, నైన్త్ క్లాస్ లో ముప్పై శాతం పిల్లల్ని ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకి పంపిస్తారు, మన జిల్లాల పిల్లలు హిందీ రాష్ట్రాలకి, అక్కడి పిల్లలు ఇక్కడికి. పద్నాలుగేళ్ల వయసులో భాష రాని చోట, తిండి వేరు, చలి వేరు. ఎవరిని అడిగినా మొదటి నెలలు ఏడుపే అంటారు. అయినా అక్కడ ఒక మేలు ఉంది, ఒక్కళ్లనే పంపరు, బ్యాచ్ గా పంపుతారు. రాత్రి పక్క మంచం మీద తెలుగులో తిట్టుకోవడానికి ఒకరుంటారు, అక్కడి నుంచి మెల్లగా హిందీ పిల్లలతో కలవడం మొదలవుతుంది. ఊరి నుంచి ఒంటరిగా ప్రైవేట్ హాస్టల్ కి వచ్చిన పిల్లోడికి ఆ పక్క మంచం ఉండదు.

సరే ఆ ఒక్కరు ఎలా దొరుకుతారు అంటే, టైమ్ కావాలి, నిజంగా గంటల్లో లెక్క. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ఆయన కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లనీ, కాలేజీలో కొత్తగా చేరిన స్టూడెంట్స్ నీ అడిగి లెక్కేశాడు, ముఖపరిచయం నుంచి మామూలు ఫ్రెండ్ అవ్వడానికి సుమారు 50 గంటలు, నిజంగా ఫ్రెండ్ అనిపించుకోవడానికి 90, దగ్గరి స్నేహితులవ్వడానికి 200 పైన. అది కూడా పక్కపక్కన పనిచేస్తూ గడిపిన గంటలు పెద్దగా లెక్కలోకి రావు, ఊరికే కబుర్లు చెప్పుకుంటూ ఆడుకుంటూ నవ్వుకుంటూ గడిపిన గంటలే స్నేహాన్ని పెంచుతాయి. ఇప్పుడు మన హాస్టల్ పిల్లల టైమ్ టేబుల్ చూడండి. పొద్దున ఐదింటికో ఐదున్నరకో లేపి స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం స్నానానికి టీకి కాస్త గ్యాప్, మళ్లీ రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్. పక్కపక్కనే పద్నాలుగు గంటలు కూర్చుంటారు గానీ మాట్లాడితే పనిష్మెంట్. రోజుకి కలిసి కబుర్లాడే టైమ్ అరగంట మించి లేకపోతే 50 గంటలకి మూడు నెలలపైన పడుతుంది. ఈలోపు వీక్లీ టెస్టుల మార్కులు చూసి సెక్షన్ మార్చేస్తారు, ఇప్పుడిప్పుడే దగ్గరవుతున్న పక్క బెంచీవాడు పై సెక్షన్ కి పోతాడు, మళ్లీ సున్నా నుంచి. పిల్లాడు ఎవరితోనూ కలవడు అని రిపోర్ట్ రాసే స్కూలే కలవడానికి కావాల్సిన గంటలు ఇవ్వట్లేదు, ఈ మాట గట్టిగానే చెప్పాలి.

అందుకని పిల్లలు చేయగలిగింది ఏంటంటే, తీరిక గంటలు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవడం. స్కూల్ బస్ ఒక మంచి చోటు, అదే రూట్ లో రోజూ వెళ్లేవాళ్లు మారరు, సెక్షన్ వేరైనా క్లాస్ వేరైనా పర్వాలేదు, రానూపోనూ గంట. ఎన్సీసీ, స్కౌట్స్, కబడ్డీ, ఖోఖో, ఇవి ఉన్నచోట చేరితే చాలా లాభం, చేతులకి పని ఉంటుంది కాబట్టి ఏం మాట్లాడాలి అనే భయం ఉండదు, ప్రాక్టీస్ అయ్యాక చెమటలతో కూర్చున్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. స్కూల్ లో దొరక్కపోతే బయట, సంగీతం క్లాసో డ్యాన్స్ క్లాసో చెస్ కోచింగో ఊళ్లో లైబ్రరీయో. బయట ఒక చోట తను అందరిలో ఒకతి అని తెలిసిన పిల్లకి స్కూల్ లో జరిగేది అంత బరువుగా అనిపించదు.

క్లాస్ లోనే వెతకాలంటే, చూడాల్సింది మధ్యలో వెలిగిపోయే గ్యాంగ్ వైపు కాదు, అంచుల వైపు. తనలాగే బ్యాగ్ లో ఏదో వెతుకుతున్నవాళ్లు ఇంకో ఇద్దరైనా ఉంటారు ప్రతి క్లాస్ లోనూ, తన బాధలో మునిగి ఉండటం వల్ల కనిపించరు అంతే. వెళ్లి పెద్ద మాటలేం చెప్పక్కర్లేదు, "నిన్న సోషల్ లో ఏం రాయించారు", "నీ దగ్గర స్కేల్ ఉందా", "ఈ ఆవకాయ మా అమ్మమ్మ పెట్టింది, కొంచెం వేసుకో", ఇంతే. చిన్న సాయం అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మాట్లాడి వచ్చాక "ఛ, పిచ్చిదానిలా మాట్లాడాను" అనిపిస్తుంది, అది అందరికీ అనిపించేదే. మొదటిసారి మాట్లాడుకున్నవాళ్లు ఎదుటివాళ్లకి తాము ఎంత నచ్చామో తక్కువగా అంచనా వేస్తారని 2018లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది, అంటే ఎదుటి అమ్మాయి కూడా ఇంటికెళ్లి తన గురించి అదే అనుకుంటూ ఉంటుంది.

చేయకూడనిది ఒకటుంది, హోంవర్క్ కాపీ ఇచ్చి, క్యాంటీన్ లో సమోసాలు కొనిపెట్టి, వాళ్లు ఎగతాళి చేసే ఇంకో పిల్లోడిని తనూ ఎగతాళి చేసి గుంపులో చోటు సంపాదించుకోవడం. చోటు దొరుకుతుంది కూడా, కానీ రోజూ కడుతూ ఉండాలి, ఆపిన రోజు బయటే. పైగా ఆ ఎగతాళి చేసిన పిల్లోడే తనకి ఒక్కరు అవ్వాల్సినవాడు కావచ్చు.

స్కూళ్లు పెద్ద ఖర్చు లేకుండా చేయగల పని కూడా ఒకటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ లో కొత్తగా మిడిల్ స్కూల్ కి వచ్చిన సిక్స్త్ క్లాస్ పిల్లలకి, ముందు ఏడాది పిల్లలు చెప్పిన మాటలు చదివించారు, మాకూ మొదట్లో ఇక్కడ చోటు లేదనే అనిపించింది, కొన్నాళ్లకి సర్దుకుంది అని. తర్వాత వాళ్ల సొంత మాటల్లో దాని మీద రాయించారు. 2019లో వచ్చిన ఆ పేపర్ ప్రకారం అలా చేసిన పిల్లల్లో ఆబ్సెంట్లు తగ్గాయి, గొడవలు తగ్గాయి, మార్కులు కొంచెం పెరిగాయి. ఇందులో కిటుకేమీ లేదు, నాకే ఇలా జరుగుతోంది, నాలోనే ఏదో తేడా ఉంది అనుకునే పిల్లకి, ఇది అందరికీ జరుగుతుంది, పోతుంది అని తెలిసింది. మన హాస్టళ్లలో జూన్ లో ఒక సాయంత్రం టెన్త్ పిల్లల్ని పిలిచి కొత్తవాళ్ల ముందు కూర్చోబెట్టి మొదటి నెల ఎలా గడిచిందో చెప్పించడానికి ఎంత సేపు పడుతుంది. ప్రిన్సిపాల్ స్పీచ్ కంటే, నేనూ బాత్రూమ్ లో ఏడ్చాను అని ఒక టెన్త్ క్లాస్ అన్న చెప్పే మాటకి బలం ఎక్కువ.

ఇమడలేకపోవడం వేరు, వేధింపు వేరు, డిప్రెషన్ వేరు, ఇవి కలిపేయకూడదు. కొట్టడం, డబ్బులు లాక్కోవడం, ఒంటి గురించో కులం గురించో రోజూ అనడం, ఫోటోలు తీసి తిప్పడం, వీటికి "నువ్వే కలవాలి" అనేది జవాబు కాదు, పెద్దవాళ్లు వెళ్లి ఆపించాలి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి, ఇష్టమైన తిండి వదిలేయడం, నిద్ర తారుమారు, ఇష్టమైన బొమ్మలు వేయడం కూడా మానేయడం, "నేను లేకపోతే మీకు బావుంటుంది" లాంటి మాట ఒక్కటి వినపడినా ఆగకూడదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. వెంటనే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు నేరుగా చేయాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లు పిల్లల పుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టడం మంచిది, అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు. చిన్నప్పటి నుంచే మాట కలపడం, కళ్లలోకి చూడడం, శబ్దాలు తట్టుకోవడం కష్టంగా ఉన్న పిల్లలుంటే ఒకసారి చైల్డ్ స్పెషలిస్ట్ కి చూపించాలి, ఆటిజం లాంటివి కొందరిలో హైస్కూల్ దాకా ఎవరూ గుర్తించరు, అన్నేళ్లూ పొగరు అనో మొండి అనో పేరు పెట్టేసి ఉంటారు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కొంచెమే. "ఫ్రెండ్స్ అయ్యారా" అని రోజూ అడిగితే రోజూ ఫెయిల్ అయినట్టు ఉంటుంది పిల్లకి, ఆ ప్రశ్న ఆపేయాలి. బావతో పోలిక ఆపేయాలి. బస్ లో ఒక పేరు రెండుసార్లు వినపడితే, అబ్బ ఫ్రెండ్ దొరికింది అని హడావుడి చేయకుండా, ఆదివారం ఇంటికి పిలుచుకో, పూరీలు చేస్తాను అంటే చాలు. ఒక ఆదివారం నాలుగు గంటలు, స్కూల్లో ఎనిమిది రోజుల లంచ్ తో సమానం. ఆ నాలుగు గంటలూ "చదువుకోండి" అనకుండా ఉండగలగాలి.

హాస్టల్ లో వేసినవాళ్లకి ఆదివారం పూరీల అవకాశం లేదు. వాళ్లు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడ్మిషన్ అప్పుడు ఫీజు రాయితీ కోసం గంటసేపు మాట్లాడతారు, అక్కడే ఇంకో రెండు నిమిషాలు, అదే ఊరి పిల్లలో అదే జిల్లా పిల్లలో ఉంటే ఒకే రూమ్ లో వేయమని, సెక్షన్లు మార్చేటప్పుడు వీడినీ వీడి పక్కవాడినీ ఒకేచోట ఉంచమని అడగాలి. కుదరదంటారు మొదట. వార్డెన్ ని విడిగా కలిసి మళ్లీ అడగాలి, రూమ్ లు వేసేది చాలాచోట్ల ఆయనే.